గిన్నె అడుగున పేరు

పోయిన నెల మా ఎదురింటి అమ్మాయి మా వంటింట్లో నాకు సాయంగా గిన్నెలు తుడిచి పెడుతోంది. ఇక్కడే అమెరికాలో, ఈ అల్ఫారెట్టాలోనే పుట్టి పెరిగిన పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మనిషి బంగారం. తెల్ల చుక్కలున్న నా నీలం ఎనామిల్ గిన్నె చేతికి రాగానే తిరగేసి చూసింది.

“ఆంటీ, కింద టేప్ మీద ఎవరిదో నేమ్ ఉంది. మీది కాదు కదా?”

“కాదు. నా మొదటి ఉద్యోగంలో వచ్చిన గిన్నె అది.”

“ఓ! మీ బాస్ నేమా?”

“కాదమ్మా. నేను చేరేసరికే ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నా ఉద్యోగమే చచ్చిపోయినవాళ్ళతో.”

పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుంది. అంతలో ఫోన్ మోగింది. “ఆంటీ, నాకు మీటింగ్ ఉంది. లేటర్ చెప్తారా? ప్రామిస్?” అంటూ ఆ గిన్నెలోనే నేను పెట్టిచ్చిన పులిహోర పట్టుకుని పరిగెత్తింది. నా వయసులో ‘లేటర్’ అన్న మాటని అంతగా నమ్మకూడదు. అందుకే రాసి పెడుతున్నాను. తెలుగు చదవడం దానికి రాదు, వాళ్ళమ్మ చదివి వినిపిస్తుంది. మిగతా పిల్లలు కూడా వింటే నాకేం అభ్యంతరం లేదు.

మా ఆయనకి గోధుమపిండి మిల్లులో ఇంజనీరు ఉద్యోగం రావడంతో డెబ్బైల చివర్లో మేము ఒక ప్రెయిరీ ఊరికి వెళ్ళాం. ప్రెయిరీ అంటే చెట్టూ గుట్టా లేని గడ్డినేల. ఎటు చూసినా ఆకాశం కాళ్ళదాకా దిగి ఉంటుంది. ఊళ్ళో తెలుగువాళ్ళం మేమిద్దరమే. అందువల్ల అక్కడి తెలుగువాళ్ళ గొడవలన్నీ మా ఇంట్లోనే జరిగేవి.

నేను హిస్టరీ ఎమ్మే. శాతవాహనులు, కాకతీయులు నా నాలుక చివర ఉండేవారు. వాళ్ళ అవసరం ఆ ఊళ్ళో ఎవరికీ పడలేదు. ఒకరోజు లైబ్రరీలో ప్రకటన చూశాను. ఊరు పుట్టి వందేళ్ళు కావస్తోంది, మొదట వచ్చి స్థిరపడినవాళ్ళ జీవిత చరిత్రలు పుస్తకంగా వేస్తారట, వివరాలు సేకరించి టైపు చేసే మనిషి కావాలి. వెళ్ళాను. లైబ్రరీ పెద్దావిడ పొడుగ్గా, కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడేసుకుని ఉండేది. లైబ్రరీలో గుసగుసగా మాట్లాడీ మాట్లాడీ, బయట కార్ల దగ్గర కూడా అలాగే మాట్లాడేది.

“ఈ ఊరి చరిత్ర ఏమైనా తెలుసా?” అని గుసగుసగా అడిగింది.

“ఏమీ తెలీదండీ.”

“మంచిది. ఇక్కడ అందరికీ అన్నీ తెలుసు. అదే మా బాధ.”

అలా ఉద్యోగంలో చేరాను. పని ఏమిటంటే, పాత కుటుంబాల ఇళ్ళకి టేప్ రికార్డర్ మోసుకెళ్ళి, వాళ్ళు చెప్పింది విని, ఒక్కో మనిషికి ఒక్కో పేజీ టైపు చెయ్యాలి. పేజీకి ఒక పద్ధతి ఉంది. పైన పేరు, తర్వాత ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఏం కట్టాడు, ఎన్ని ఎకరాలు దున్నాడు, చివర్లో ఎవరిని పెళ్ళాడాడు. ఆ చివరి మాట అరలైను. ఒక పేజీలో ఆయన గుర్రానికి పేరుంది, పెళ్ళానికి లేదు. నేను తప్పుగా టైపు చేశానేమోనని టేపు మళ్ళీ విన్నాను. తప్పేం లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ‘మొదట వచ్చినవాళ్ళు’ అంటున్నారు కదా, వాళ్ళకంటే ముందు ఆ గడ్డినేల మీద తరతరాలుగా ఉన్న మనుషుల మాటేమిటి అని ఆ పుస్తకం వేసే కమిటీలో అడిగాను. ముందుమాటలో ఒక పేరా వేస్తామన్నారు. ఎంత పోట్లాడినా అది రెండు పేరాలు కాలేదు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఈ కథ మాత్రం నేను నెగ్గిన పోట్లాటది.

కమిటీ అధ్యక్షుడు బ్యాంకు నడిపే పెద్దమనిషి. ఊళ్ళో మొదటి దుకాణం పెట్టినాయన మనవడు. మంచివాడే, భోజనప్రియుడు, జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిల్ ఉండేది. నా పేరు మాత్రం ఆయన నోటికి కొరుకుడుపడలేదు. మొదటి రోజు ప్రయత్నించి మధ్యలో వదిలేశాడు. ఆ తర్వాత ఏడాది పొడుగునా “మన లైబ్రరీ అమ్మాయి” అని నెట్టుకొచ్చాడు. ఎదురుపడితే పేరు పిలవాల్సొస్తుందేమోనని తలుపు చాటుకి తప్పుకోవడం నేను కళ్ళారా చూశాను.

మంచులో కారు నడపడం నాకు రాదు. ఒక రిటైరైన పోస్టుమాన్ తనంతట తనే నన్ను తిప్పుతానని ముందుకొచ్చాడు. ఆయనకి ఊళ్ళో ప్రతి ఇల్లూ ఆ ఇంటి కుక్కతో సహా గుర్తు. ఊరి ఉత్తరం చివరి ఇంటికి మొదటిసారి తీసుకెళ్తూ ముందే హెచ్చరించాడు.

“ఊళ్ళో మొదటి హోటల్ కట్టినాయన కూతురు ఈవిడ. తొంభై దగ్గర పడింది. నీకు ముందు వచ్చిన ఇద్దరినీ గుమ్మం తొక్కనివ్వలేదు.”

“ఎందుకని?”

“ఆవిడ పడుచుగా ఉన్నప్పుడు ఇలాంటి పుస్తకమే ఒకటి వేశారు. అందులో వాళ్ళ నాన్నకి ఫొటోతో సహా ఒక పేజీ. వాళ్ళమ్మ గురించి ‘భార్య’ అని ఒక్క మాట. పేరు కూడా లేదు. ఆరోజు నుంచి తలుపు మూసేసింది. వాళ్ళమ్మ పేరు అచ్చులో చూసి పోవాలని ఆవిడ కోరిక. పిల్లల్లేరు. ఈవిడ పోతే ఆ పేరు చెప్పేవాళ్ళు కూడా ఉండరు.”

తలుపు తట్టాను. సన్నగా, నిటారుగా ఉన్న ముసలావిడ తలుపు సందులోంచి చూసింది. మన అలవాటు చొప్పున “నమస్కారం ఆంటీ” అన్నాను.

“నేను నీకు ఆంటీని కాను. నాకు మా ఆయన వైపు ఒక మేనకోడలు ఉంది. అదొక్కతీ చాలు” అంది. కానీ బయట ఎముకలు కొరికే చలి. ఆ నేలమీద చలిలో వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపడం మహా తప్పు. లోపలికెళ్ళి వేడివేడిగా ఏదో నింపిన నీలం గిన్నె తెచ్చి నా చేతుల్లో పెట్టి తలుపేసేసింది. అడుగున టేపు మీద ఒక పేరు రాసి ఉంది. చర్చి భోజనాల్లో గిన్నెలు కలిసిపోకుండా అక్కడ ఆడవాళ్ళందరూ అలా పేరు రాసి అంటించుకుంటారు.

“ఈవిడ పేరా ఇది?” అన్నాను కారెక్కాక.

“కాదు, వాళ్ళమ్మది. హోటల్ వంటింటి గిన్నె అది. టేపు ఊడినప్పుడల్లా ఆ పేరే మళ్ళీ రాస్తుంది.”

గిన్నెలో ఉన్నది బీఫ్, నూడుల్స్. నేను బీఫ్ తినను. పోస్టుమాన్ కారు పక్కకి ఆపి ఎంతో బాధ్యతగా మొత్తం ఖాళీ చేశాడు.

ఖాళీ గిన్నె తిరిగిస్తామా మనం? చేతులు రావు కదా. నిమ్మకాయ పులిహోర చేసి, వేరుశనగపప్పులు దండిగా వేసి, వారం తిరగకుండా పట్టుకెళ్ళాను. ఆవిడ మూత తీసి అనుమానంగా చూసింది. “నా వంట బాగుందా?” అని అడిగింది. “చాలా బాగుందన్నారు” అన్నాను. అబద్ధం కాదు కదా.

తర్వాతి వారం లైబ్రరీకి గిన్నె వచ్చింది, నిండా బన్నులతో. “నల్ల గింజలు పళ్ళలో ఇరుక్కున్నాయి. మళ్ళీ ఎప్పుడు చేస్తుంది?” అని పోస్టుమాన్ చేత కబురు. నేను మళ్ళీ నింపాను. ఆవిడ మళ్ళీ నింపింది. అప్పుడు తెలిసింది, అక్కడా గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదట! రెండు పక్కలా ఒకే పట్టింపు. ఇక ఆపేదెవరు? ఆ చలికాలమంతా ఆ గిన్నె ఊరికి ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉంది. వసంతంలో రూబార్బ్ కాడలు నింపి పంపింది. ఎర్రగా, పుల్లగా ఉన్నాయి. కొరికి చూసి, గోంగూర దొరికినంత సంబరపడి, ఎండుమిరపకాయలు వేసి పచ్చడి నూరి పంపాను. ఆవిడకి రెండ్రోజులు దగ్గొచ్చిందట.

“మీ ఇద్దరిలో ఎవరో ఒకరు ఓడిపోవాలి. నా కారు పెట్రోలు తాగేస్తోంది” అని పోస్టుమాన్ మొత్తుకునేవాడు. మా ఆయన మాత్రం, “ఏమోయ్, ఈ వారం ఆవిడ టర్నా, నీ టర్నా? ఆపిల్ పై వస్తుందంటే నేను లంచ్ స్కిప్ చేస్తా” అనేవాడు.

గిన్నె తిరిగినన్నాళ్ళూ ఆవిడ నన్ను లోపలికి రానిచ్చింది. కానీ టేప్ రికార్డర్ మీట నొక్కితే చాలు, వాతావరణం గురించి తప్ప మాట్లాడదు. నేను “వెళ్ళొస్తానండీ” అని లేచి గుమ్మం దాకా వచ్చాక మొదలుపెట్టేది. తలుపు పిడి మీద చెయ్యి, గొంతులో అసలు కథ. మనవాళ్ళు కూడా వీధి గుమ్మంలో నిలబడే కదా అసలు సంగతులన్నీ మాట్లాడుకునేది! నేను పూసలు గుచ్చినట్టు ఒక్కో మాటా గుర్తు పెట్టుకుని, కారెక్కగానే నా గొంతుతోనే టేపులోకి ఎక్కించేదాన్ని. పోస్టుమాన్ నడుపుతూ నా తప్పులు దిద్దేవాడు.

ఆ గుమ్మంలో తెలిసింది. హోటల్ బోర్డు మీద పేరు వాళ్ళ నాన్నదే. కానీ కొత్త ఊళ్ళలో భూమి బేరాలు చేస్తూ ఆయన తిరుగుళ్ళలోనే ఉండేవాడు. వాళ్ళమ్మ మొదటి చలికాలం అంతా వచ్చినవాళ్ళకి వచ్చినట్టు వండి పెట్టింది. ఇళ్ళు లేనివాళ్ళని నేలమీద వరసగా పడుకోబెట్టింది. నెలలు నిండిన ఆడవాళ్ళకి పురుళ్ళు పోసింది. బడి లేదని భోజనాల బల్లనే బడి చేసింది. ఒకరి దేవుడి పాట ఒకరికి గిట్టని మూడు చర్చిల వాళ్ళు ఆదివారాలు ఆ బల్ల దగ్గరే వంతులవారీగా ప్రార్థన చేసుకునేవారట. ఊరనేది ఒకటి కుదురుకుందంటే అది ఆ బల్ల చుట్టూనే.

ఒకరోజు గుమ్మంలో ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. “మా అమ్మ పేరు వేస్తావా?”

“వేస్తాను” అనేశాను. ఎవరినైనా అడిగానా? లేదు. మన నోరు అంతే.

వాళ్ళ నాన్నకి ఒక పేజీ, వాళ్ళమ్మకి ఇంకో పేజీ, పైన ఆవిడ పేరే పెట్టి టైపు చేసి కమిటీకి ఇచ్చాను. మంగళవారం తిరిగొచ్చింది. అమ్మ పేజీ మీద మూల నుంచి మూలకి ఎర్ర గీత. నేను తిన్నగా బ్యాంకుకి వెళ్ళాను.

“హోటల్‌కి పేజీ ఉంది కదా. ఈవిడ అందులో భార్యగా వస్తుంది” అన్నాడు అధ్యక్షుడు. “పద్ధతి ఒకటుంది. ఒకరికి మారిస్తే అందరికీ మార్చాలి.”

“మార్చండి.”

“శనివారం పుస్తకం ప్రెస్సుకి వెళ్తోందమ్మా” అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ. మంచివాళ్ళతో పోట్లాడటం చాలా కష్టం. అరవడానికి మనకేమీ దొరకదు.

లైబ్రరీ పెద్దావిడ దగ్గర ఏడ్చినంత పని చేశాను. “శుక్రవారం సాయంత్రం పాత కుటుంబాల పాట్‌లక్ ఉంది, మరిచిపోకు” అని గుసగుసలాడింది. అందరూ తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే భోజనం అది. నా బాధేమిటి, ఈవిడ చెప్పేదేమిటి అనుకున్నాను. ముసలావిడకి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

“శుక్రవారం నేనూ వస్తున్నాను” అంది. “గిన్నె నీ దగ్గరుంది. ఖాళీగా తేకు.”

లైబ్రరీ కింది హాల్లో పొడుగాటి బల్లల మీద వంటకాలు వరసగా పెట్టారు. ఊరి పాత ఇళ్ళవాళ్ళందరూ వచ్చారు. ముసలావిడ పోస్టుమాన్ చెయ్యి పట్టుకుని వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. నేను ఆ నీలం గిన్నె నిండా పులిహోర కలిపి తెచ్చాను. మనసు బాగోక ఉప్పు సరిగ్గా పడిందో లేదో కూడా చూడలేదు. పడినట్టే ఉంది, అధ్యక్షుడు మూడుసార్లు వడ్డించుకున్నాడు. మూడోసారికి గిన్నె ఖాళీ అయింది. ఇంత బాగా చేసినవాళ్ళెవరో చూద్దామని ఆయన గిన్నె ఎత్తి అడుగున చదివాడు.

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ పసుపు అన్నం హాల్లో ఇంకెవరు చేస్తారు, నేను కాక? గిన్నె మీద పేరుందంటే అది వండినావిడదే కదా. ఏడాదిగా మోస్తున్న బరువు దిగిపోయినట్టు, గ్లాసు మీద స్పూనుతో టింగుటింగుమనిపించాడు.

“ఇంత మంచి భోజనం పెట్టినందుకు మనందరి తరఫునా ఈవిడకి కృతజ్ఞతలు” అని, నా వైపు చెయ్యి చూపించి, గట్టిగా, స్పష్టంగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా వాళ్ళమ్మ పేరు చెప్పాడు. చెప్పి, “ఇంత తేలిక పేరని నాకు తెలీదు సుమా!” అని నాతో నవ్వాడు.

పెద్దవాళ్ళ చేతుల్లో ఫోర్కులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. నేను నోరు తెరిచి నిలబడ్డాను. ముందు వరసలోంచి ముసలావిడ గొంతు వినిపించింది.

“ఆ పిల్ల పేరు అది కాదు. అది మా అమ్మ పేరు. మీ తాత ఆ మొదటి చలికాలమంతా తిన్నది ఆ గిన్నెలోదే. ఆయన కూడా మూడోసారి వడ్డించుకునేవాడట.”

జనం గొల్లున నవ్వారు. నవ్వు తగ్గాక వెనక నుంచి ఒకాయన, “మా నాన్నకి పురుడు పోసింది ఆవిడే” అన్నాడు. “మా అమ్మ ఆ బల్ల దగ్గరే చదువు నేర్చుకుంది” అని ఇంకొకావిడ అంది. “మా వాళ్ళ ప్రార్థన తర్వాతే మీ వాళ్ళ ప్రార్థన అని రూలు పెట్టింది కూడా ఆవిడే” అని మరొకరు. ఇన్నాళ్ళూ టేపు ముందు కూర్చుని ఎకరాల లెక్కలు చెప్పినవాళ్ళు వీళ్ళేనా అని నాకు ఒళ్ళు మండింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

అధ్యక్షుడు ఖాళీ గిన్నె చేత్తో పట్టుకుని అందరినీ విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“మరి ఇంతటి మనిషి మన పుస్తకంలో ఎందుకు లేదు?”

“మీరే కొట్టేశారండీ. మంగళవారం.”

“నేనా?”

“ఎర్ర పెన్సిలుతో.”

లైబ్రరీ పెద్దావిడ పకపకా నవ్వింది. ఆవిడకి గొంతుందని ఆరోజే ఊరందరికీ తెలిసింది. అధ్యక్షుడు కందగడ్డలా ఎర్రబడ్డాడు. జేబులోంచి ఆ పెన్సిల్ తీసి, గిన్నెలో వేసి, గిన్నె నా చేతికిచ్చాడు.

“మళ్ళీ టైపు చెయ్యండి” అన్నాడు. “పేరు పైనే ఉండాలి.” ఆ తర్వాత గొంతు తగ్గించి, “ఇంతకీ మీ పేరు ఎలా పలకాలి?” అని అడిగాడు. చెప్పాను. భోజనాల చివర ఆపిల్ పైలు తినడం అయ్యేదాకా సాధన చేశాడు. నేను ఆ ఊరు వదిలేదాకా తప్పుగానే పిలిచాడు, కానీ పిలిచాడు.

పుస్తకం వచ్చిన రోజు నేనే గిన్నె నిండా పులిహోరతో వెళ్ళి, పుస్తకం ఆవిడ ఒళ్ళో పెట్టాను. భూతద్దంతో ఆ పేజీ పైనుంచి కిందికి చదివింది. “ఇంత పెద్ద అక్షరాలు మా అమ్మకి నచ్చేవి కావు” అంది. అని, పుస్తకం మూయకుండా కిటికీ వైపు తిరిగిపోయింది. నేను వెళ్ళొస్తానన్నా గుమ్మం దాకా రాలేదు. అంత సంతోషంగా ఉందన్నమాట.

నెల తిరిగాక పోస్టుమాన్ గిన్నె తెచ్చిచ్చాడు. మూత తీశాను. ఖాళీ. శుభ్రంగా కడిగి, తళతళలాడుతూ, ఖాళీ. పేజీలో ఏం తప్పు రాశాను? ఏం మాటన్నాను? అప్పటికప్పుడు ఆయన కారులోనే బయల్దేరాను.

ఇంట్లో సామాను అట్టపెట్టెల్లో కట్టేసి ఉంది. వృద్ధుల హోమ్‌కి మారిపోతోందట. వంటగది ఉండదు, భోజనం వాళ్ళే పెడతారట.

“ఖాళీ గిన్నె పంపించారు” అన్నాను, చిన్నపిల్లలా.

“తిరిగిచ్చే గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు. అది నాకూ తెలుసు” అంది ఆవిడ. “నేను తిరిగివ్వలేదు. ఇచ్చేశాను. ఇకనుంచి ఎప్పుడూ వంతు నీదే.”

ఆ గిన్నెతోనే ఆ ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ మొదటి రోజు వంట పట్టుకెళ్ళాను. మిల్లుకి వచ్చిన గుజరాతీ ఇంజనీరుకి, వియత్నాం నుంచి వచ్చిన కుటుంబానికి, చివరికి మా తర్వాత వచ్చిన రెండో తెలుగు జంటకి. టేపు ఊడినప్పుడల్లా ఆ పేరే మళ్ళీ రాశాను.

పేరు కోసం ఇంత గొడవపడ్డ కథలో పేరు చెప్పలేదేమిటని అడుగుతారేమో. ఎవరి పేరూ రాయకూడదని ముందే అనుకున్నాను, ఆవిడకి మాత్రం మినహాయింపు ఎందుకు? పైగా అది అచ్చులో ఉంది, పెద్ద అక్షరాల్లో. ఎదురింటి పిల్లా, నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. గిన్నె నీ దగ్గరే ఉంది. తిరగేసి చదువుకో. తెచ్చేటప్పుడు మాత్రం ఖాళీగా తేకు.